మేళం వెనక ఎనిమిది సిలిండర్లు

పెదపాడు పెద్ద వీధిలో, పెళ్లి ఊరేగింపు సగం దూరం నడిచాక, షావుకారుగారి వి-ఎయిట్ కారు ఆగిపోయింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. ఆ బండి నడిచేటప్పుడే చప్పుడు అంతంతమాత్రం. బానెట్టు పక్కనే నడుస్తున్న టైపు మేష్టారు అందరికంటే ముందు గుర్తుపట్టాడు. రెండడుగులు ముందుకు వేసి, వెనక్కి తిరిగి, బానెట్టు వైపు చెవి ఒగ్గాడు. ఏలూరు నుంచి వచ్చిన పోటీ బండి వాళ్లు, సిక్స్ పార్టీ వాళ్లు, "ఆగిందిరోయ్!" అని కేక పెట్టారు. ఆ కేకకి సన్నాయి ఆగింది. డోలు మరో రెండు దెబ్బలు కొట్టి తనూ ఊరుకుంది.

షావుకారుగారు స్టీరింగు మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. పక్కన కూర్చున్న పెళ్లికొడుకు మేనమామ వైపు తిరిగి, "క్షమించాలండీ, మీకు ఆలస్యమవుతోంది" అన్నారట.

ఆ బండి అంతకుముందు ఏ ఊరేగింపులోనూ ఆగలేదు. తాడేపల్లిగూడెంలో సగం మంది మగవాళ్లు ఆ ఒక్క మాట చెప్పుకుని బతికేవారు.

షావుకారుగారు నిరుడు శ్రావణంలో పోయారు. గూడెం నుంచి వచ్చిన రైల్లో ఎవరో, వానల గురించి మాట్లాడుతూ మధ్యలో ఆ సంగతి చెప్పారు. ఏలూరు స్టేషనులో దిగి పేపరు ఆఫీసుకు వెళ్లాను గాని ఆ రోజు రాయవలసిన వార్త సరిగా రాయలేకపోయాను. కళ్ల ముందు ఆయన పాదాలు మెదులుతున్నాయి. ఆయన చెప్పులు తొడుక్కుని బండి నడిపేవారు కాదు. "కాలికి తెలియాలండీ" అనేవారు. తన కొట్టు మెట్ల మీద చెప్పులు విడిచిపెట్టి వెళ్లేవారు. అందుచేత గూడెం బజారులో ఆయన కోసం వచ్చినవాళ్లు కొట్లోకి తొంగిచూడకుండా మెట్ల వైపు చూసేవారు. చెప్పులుండి మనిషి లేకపోతే బండి మీద వెళ్లారన్నమాట.

ఆయనది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, బందులు, గొలుసులు, గడియలు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. అంత పెద్ద అమెరికా బండిలో కూర్చుంటే బయటికి తలపాగా మాత్రమే కనిపించేది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలేసిన బళ్లలో అదొకటి. ఎలా వచ్చిందో, ఎంతమంది చేతులు మారి వచ్చిందో ఆయనకే సరిగా తెలియదు. వి-ఎయిట్ అంటే ఇంజనులో ఎనిమిది సిలిండర్లు, నాలుగేసి చొప్పున రెండు వైపులా వాలి ఉంటాయి. దాని పోటీ బండి సిక్స్. ఆరూ ఒకే వరసలో నిలబడి ఉంటాయి. ఈ భేదం మీద ఆ రోజుల్లో మా వైపు మనుషులు రెండు పార్టీలయ్యారు. గూడెం అంతా వి-ఎయిట్, ఏలూరు అంతా సిక్స్. సొంతానికి సైకిలు కూడా లేనివాళ్లే వీళ్లలో ఎక్కువ.

గూడెం స్టేషను ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో ఈ రెండు పార్టీలూ తలపడేవి. వి-ఎయిట్ తరఫున టైపు ఇన్‌స్టిట్యూటు నడిపే మేష్టారు. సిక్స్ తరఫున ఏలూరు కోర్టులో పనిచేసే గుమస్తా. అత్తారిల్లు గూడెం కావడం వల్ల తరచు దొరికిపోయేవాడు.

"వంద గుర్రాలండీ బాబూ, వంద! అన్నీ ఒక్కసారి లాగితే మీ ఏలూరు కాలవ వంతెన కూడా ఊడి వెనకాలే వచ్చేస్తుంది" అనేవాడు మేష్టారు.

"వస్తుంది లెండి. దారిపొడుగునా మీ గుర్రాలకి నీళ్లు తాగించాలి కదా, అందాకా వంతెన కూర్చుని ఉంటుందా అని ఆలోచిస్తున్నాను" అనేవాడు గుమస్తా.

"మీ సిక్స్ ఇంజనా అండీ అది? కుట్టుమిషను."

"కుట్టుమిషనేనండీ. ఒక్క కుట్టు తప్పదు."

షావుకారుగారు ఆ పక్క బల్ల దగ్గరే కూర్చునేవారు. పెసరట్టును చాలా శ్రద్ధగా సమానమైన ముక్కలు చేసుకుంటూ ఉండేవారు. తన బండి గురించే ఇంత గొడవ జరుగుతున్నా ఒక్క మాట కలిపేవారు కాదు. మేష్టారు ఊరుకోలేక, "మీరు చెప్పండి షావుకారుగారూ!" అని మీదికి వస్తే, "గుమస్తాగారు చెప్పిందీ బాగానే ఉందండీ" అనేవారు. మేష్టారు తల పట్టుకునేవాడు.

వేరే దేశాల్లో ఇలాంటి బళ్లవాళ్లు ఎవరు వేగంగా పోతారో చూసుకుంటారట. మా వైపు వేగంగా పోవడానికి దారేదీ? పెద్ద రోడ్డు మీద ఎడ్లబళ్లు. కాలవ గట్ల మీద ఒక బండి పడితే రెండోది పట్టదు. కొల్లేటి వైపు దిగితే వానాకాలంలో రోడ్డే కనిపించదు. అందుచేత మావాళ్లు తమ పంతాన్ని పెళ్లి ఊరేగింపుల్లోకి తీసుకొచ్చారు. అక్కడ గెలవాలంటే వేగం కాదు, నిదానం కావాలి. మేళం ఎంత మెల్లగా నడిస్తే బండి అంత మెల్లగా నడవాలి. ఫస్టు గేరులోనే ఉండాలి. క్లచ్చి మీద కాలు ఆన్చకూడదు. ఆన్చితే కాలిన వాసన వస్తుంది, పక్కన నడిచేవాళ్లు పట్టేస్తారు. కూడలిలో సన్నాయి నిలబడి కీర్తన ఎత్తుకుంటే ఇంజను కూడా నిలబడి, ఆరిపోకుండా, కీర్తన అయ్యేదాకా ఊపిరి బిగబట్టాలి. నీళ్లు మరగకూడదు. కుదుపుకు పెళ్లికూతురి జడలో పువ్వు రాలకూడదు. ఇన్ని గుర్రాల్ని అంత చిన్న నడకలో పెట్టడం ఎంత కష్టమో నడిపినవాళ్లకే తెలుసు. రెండు పార్టీల వాళ్లూ పిలుపు ఉన్నా లేకపోయినా ఆ పెళ్లిళ్లకు వెళ్లేవారు. బానెట్టుకు చెవి ఆన్చినట్టుగా వంగి నడిచేవారు. పెళ్లికూతుర్ని చూసేవాళ్లు వేరే.

షావుకారుగారు బండి అద్దెకిచ్చేవారు కాదు. పిలిస్తే వెళ్లేవారు, తాంబూలం పుచ్చుకుని వచ్చేవారు. బయల్దేరే ముందు ఏలూరు కాలవ నీళ్లు రెండు ఇత్తడి బిందెల్లో పట్టించి వెనక సీటు కింద పెట్టుకునేవారు. కొల్లేటి నీళ్లలో ఉప్పు ఉంటుందని రేడియేటరుకు పొయ్యనిచ్చేవారు కాదు. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి ఉంచేవారు. ఎండలో మెల్లగా నడిపితే పంపులో పెట్రోలు ఆవిరైపోయి ఇంజను ఆరిపోతుంది; వి-ఎయిట్లకు ఆ జబ్బు ఉందని సిక్స్ వాళ్లు, ఉన్నది పంపుకే గాని ఇంజనుకు కాదని వి-ఎయిట్ వాళ్లు వాదించుకునేవారు. ఆయన మాత్రం బానెట్టు మీద అరచెయ్యి వేసి, ఎడమ కన్ను మూసి, తల కొంచెం వాల్చి వినేవారు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టే ఉండేది. ఆ తరవాత బండిలో కూర్చుని, "పదండి" అనేవారు. బండితోనే అన్నది. ఆయన "మీరు" అనని ప్రాణిని నేను చూడలేదు. రోడ్డుకు అడ్డంగా పడుకున్న కుక్కను కూడా, "కొంచెం జరగండి" అని బతిమాలేవారు.

నేను ఆయన్ను మొదట కలిసింది గుండుగొలను దగ్గర. కొల్లేరు పొంగి చేలు మునిగాయని చూడటానికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు బస్సు దొరక్క రోడ్డు మీద నిలబడ్డాను. ఆయన బండి ఆపి ఎక్కించుకున్నారు. వెనక సీట్లో అప్పటికే ఒక బెస్త ముసలాయన కూర్చుని ఉన్నాడు. డిక్కీలో ఆయన చేపల బుట్ట. షావుకారుగారి ఇంట్లో ఉల్లిపాయ కూడా తినరని నాకు తరవాత తెలిసింది.

"వాసన మీకేం ఇబ్బంది లేదు కదండీ?" అని నన్నడిగారు.

"నాకేం లేదండీ. మీకే..."

"మా ఆవిడ వారం రోజులు బండెక్కదండీ. అలవాటే."

వెనక నుంచి ముసలాయన, "కిందటిసారి పది రోజులన్నారు కదండీ!" అన్నాడు.

"తగ్గిందండీ" అన్నారు షావుకారుగారు సంతోషంగా.

ఆ ప్రయాణంలో మా ముందు గడ్డి మోపుల ఎడ్లబండి ఒకటి పడింది. ఎంత దూరం పోయినా దారి ఇవ్వదు. ఈయన హారను కొట్టరు. ఎద్దులు ఉలిక్కిపడతాయట. వెనక నుంచి బస్సు హారను మోగించుకుంటూ వచ్చి, మా రెండు బళ్లనీ దాటుకుని, మొహాన దుమ్ము కొట్టి వెళ్లిపోయింది. బస్సు కిటికీల్లోంచి జనం వి-ఎయిట్‌ను చూసి నవ్వారు.

"ఇన్ని గుర్రాలు పెట్టుకుని..." అన్నాను ఉండబట్టలేక.

"ఉన్నాయి కదా అని అన్నీ చూపించాలా అండీ?" అన్నారు.

ఇక పెదపాడు సంగతి. అక్కడ బియ్యం మిల్లు ఉన్న ఒక కామందు సిక్స్ పార్టీకి పెద్ద దిక్కు. పెద్ద ఒళ్లు, పెద్ద గొంతు. ఆయన్ను అందరూ మిల్లుగారనే అనేవారు. షావుకారుగారికి ఎదురు నిలవగలిగిన ఊరేగింపు బండి ఆయన సిక్స్ ఒక్కటే. "మీ బండి ఆగడం చూసి గాని నేను చావనండీ" అని ఎదురుగానే అనేవాడు. "అయితే నూరేళ్లు ఉంటారండీ" అని ఈయన జవాబు. ఇద్దరూ కలిసి ఒకే ఊరేగింపులో నడపడం మాత్రం అంతకుముందు జరగలేదు.

మిల్లుగారు కూతుర్ని గూడెం సంబంధానికి ఇచ్చారు. మగపెళ్లివారు ఊరి పరువని షావుకారుగారి వి-ఎయిట్ తెచ్చారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అందులోనే ఎక్కాలన్నారు. మిల్లుగారు ససేమిరా అన్నాడు. "నా కూతుర్ని విడిదింటికి నేనే, నా బండిలో, నా చేత్తో దించుతాను" అన్నాడు. మాటలు ముదురుతుంటే షావుకారుగారే లేచి, "అమ్మాయిని వాళ్ల నాన్నగారే తీసుకెళ్లాలండీ. మేం పెద్దవాళ్లం వెనకాల వస్తాం" అన్నారు. టైపు మేష్టారు మొహం అటు తిప్పుకున్నాడు. ముందు వరస చెయ్యిజారింది.

మిల్లుగారికి తల్లి ఉండేది. ఆవిడకు ఈ మోటార్ల మీద నమ్మకం లేదు. "పెళ్లికూతురి బండి దారిలో చచ్చి నిలబడితే ఆ పిల్ల కాపురానికి మంచిది కాదురా. నడపలేకపోతే ఇప్పుడే చెప్పు, పల్లకీ పెట్టిద్దాం" అని నలుగురిలో అన్నది. "ఆగితే నన్నడుగమ్మా!" అని మిల్లుగారు ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

అలా ఛాతీ మీద చెయ్యి వేసుకున్న మనిషికి ఆ పొద్దున్నే తన రేడియేటరు కారుతున్నట్టు తెలుసు. ఎక్కడో సన్నని పగులు. సబ్బు ముద్ద పెట్టి మూశాడట. ఆ సంగతి ఆయన ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. షావుకారుగారు ఊళ్లోకి రాగానే అలవాటు కొద్దీ సిక్స్ బానెట్టు మీద అరచెయ్యి వేశారు. ఎడమ కన్ను మూశారు. మామూలుకంటే కొంచెం ఎక్కువసేపే విన్నారని నాకు అనిపించింది. చెయ్యి తీసి, "మంచి బండండీ" అన్నారు. మిల్లుగారు వేరే పనున్నట్టు మేళం వైపు నడిచాడు.

ఊరేగింపు సాయంత్రం బయల్దేరింది. వైశాఖం కావడం చేత ఎండ ఇంకా వీధి వదల్లేదు. ముందు మేళం, వెనక సిక్స్‌లో దంపతులు, దాని వెనక వి-ఎయిట్‌లో మగపెళ్లివారి పెద్దలు. నేను సిక్స్ పక్కన నడుస్తున్నాను. మొదటి కూడలిలో సన్నాయి ఆయన మంచి ఉత్సాహంలో ఉండి ఒక కీర్తనతో సరిపెట్టకుండా రెండోది ఎత్తుకున్నాడు. మిల్లుగారి మెడ మీదుగా చెమట ధారలు కట్టింది. బానెట్టు అంచున సన్నగా, అగరొత్తి పొగలా, ఒక తీగ పైకి లేచింది. చుట్టూ నిజంగానే అగరొత్తులు వెలుగుతున్నాయి కాబట్టి ఎవరూ గమనించలేదు.

వెనక సీట్లోంచి అమ్మాయి ముందుకు వంగి, "నాన్నా, ఏదో వాసన వస్తోంది" అంది.

"పూల వాసనమ్మా" అన్నాడు మిల్లుగారు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మేళం కదిలింది. సిక్స్ కదిలింది. ఒక్కసారి తడబడింది, మళ్లీ అందుకుంది. రెండో కూడలి ఎదురుగా కనిపిస్తోంది. అక్కడ ఇంకో కీర్తన తప్పదు. మిల్లుగారి తల్లి ఆ కూడలి అరుగు మీదే హారతి పళ్లెంతో కూర్చుని ఉంది. ఆవిడ కళ్లెదుట బండి మరిగి, పొగలు కక్కి నిలబడుతుందని ఆయనకూ తెలుసు, నాకూ అర్థమైంది. ఆయన చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి.

అప్పుడే వెనక నుంచి ఆ కేక వినిపించింది: "ఆగిందిరోయ్!"

మగపెళ్లివారి పెద్దల బండి నిలబడిపోతే మేళం ముందుకు పోవడానికి లేదు. వియ్యాలవారిని నడివీధిలో వదిలి పోవడం అంటే చిన్న తప్పు కాదు. ఆడపెళ్లివారి పెద్దగా మిల్లుగారే దిగి వెళ్లి అడగాలి. ఆయన ఇంజను ఆపి దిగాడు. అది మర్యాద కోసం ఆపడం. అరుగు మీద నుంచి ముసలావిడే కేక వేసి చెప్పింది, "వాళ్ల కోసం ఆగడం ఆగినట్టు కాదు లేరా, ముందు వెళ్లి చూడు!" అని.

షావుకారుగారు అప్పటికే బానెట్టు ఎత్తి, పంపు మీద గుడ్డ మళ్లీ తడిపి వేస్తున్నారు. మిల్లుగారు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఎన్నేళ్లుగానో చూడాలనుకున్న దృశ్యం అది.

"పంపు వేడెక్కిందండీ, కాసేపు పడుతుంది" అన్నారు షావుకారుగారు తల ఎత్తకుండా. తరవాత బిందె వైపు చూపిస్తూ, "మాకు ఒకటి చాలండీ. రెండోది మిగిలిపోయింది. మళ్లీ ఇంటికి మోసుకుపోవడం దేనికి, ముందు బండికి పోయించెయ్యండి" అన్నారు.

పోశారు. ఇంజను చల్లబడింది. మేళం మళ్లీ ఎత్తుకుంది. సిక్స్ విడిదిల్లు చేరేదాకా ఎక్కడా తడబడలేదు. మిల్లుగారు కూతుర్ని తన చేత్తో దించాడు. ముసలావిడ అక్కడికే వచ్చి హారతి ఇచ్చి, కొడుకు మొహం చూసి, బండి మొహానికి కూడా బొట్టు పెట్టింది. వి-ఎయిట్ తాళం తిప్పగానే లేచి, వెనకాలే ఒదిగి వచ్చింది.

ఏలూరు వాళ్లు ఆ రాత్రి భోజనాల్లో చేసిన అల్లరి చెప్పతరం కాదు. టైపు మేష్టారు మర్నాడు షావుకారుగారి బండెక్కకుండా బస్సులో గూడెం వెళ్లాడు. కాఫీ హోటల్లో నా ఎదుటే ఆయన్ను నిలదీశాడు.

"నేను చెయ్యి పెట్టి చూశానండీ. పంపు చల్లగా ఉంది."

"గుడ్డ వేశాక కదండీ చూశారు."

"మీరు ఆపారు. కావాలనే ఆపారు. మమ్మల్ని తలెత్తుకోనివ్వకుండా చేశారు."

"కాఫీ చల్లారిపోతుందండీ" అన్నారు షావుకారుగారు.

ఆ తరవాత మిల్లుగారు గూడెం ఇనుపకొట్టుకు తరచు రావడం మొదలుపెట్టాడు. గడియలని, మేకులని ఏదో ఒక వంక. అవి పెదపాడులో దొరక్క కాదు. ఒకసారి నేను అక్కడే ఉన్నాను.

"షావుకారుగారూ, ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పాలి."

"మేకులు ఎంత పొడుగువి కావాలండీ?"

"మేకుల సంగతి కాదండీ. ఆ రోజు..."

"అమ్మాయి కులాసానా అండీ? పాపాయికి పళ్లు వచ్చాయా?"

మిల్లుగారు చేతిలోని మేకు కింద పెట్టి, "రెండు వచ్చాయండీ" అన్నాడు. మేకులు పొట్లం కట్టించుకుని వెళ్లిపోయాడు.

షావుకారుగారు పోయారని విన్న నాలుగు రోజులకు నేను పెదపాడు వెళ్లాను. మిల్లుగారు వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, పలకరింపు కూడా లేకుండా, "మీరు పేపరు వారు కదండీ, చూడటమే మీ పని కదా. ఆ రోజు ఆయన తాళం తిప్పి ఆపాడా, బండి అదే ఆరిపోయిందా?" అని అడిగాడు.

"నేను మీ పక్కన ఉన్నానండీ. మీ బండి వైపే చూస్తున్నాను" అన్నాను.

"అందరూ అదే మాట. వియ్యంకుడి బావమరిది ఆయన పక్కనే కూర్చున్నాడు కదా, అడిగితే సన్నాయి వైపు చూస్తున్నానండీ అంటాడు." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "గెలిచానని తెలిస్తే గర్వపడేవాణ్ణండీ. నన్ను కాపాడాడని తెలిస్తే కాళ్లకి దణ్ణం పెట్టేవాణ్ణి. రెంటికీ కాకుండా చేసి పోయాడు."

గూడెం వెళ్లి షావుకారుగారి పెద్దకొడుకును కూడా అడిగాను. "నాన్నగారు ఇంట్లో ఆ మాటే ఎత్తలేదండీ. అమ్మ అడిగితే కూడా నవ్వి ఊరుకున్నారు" అన్నాడు. ఏలూరులో సిక్స్ వాళ్లు పెదపాడు గెలుపును ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. గూడెం వాళ్లు అది గెలుపే కాదంటున్నారు. మిల్లుగారు ఆ పెళ్లి కాగానే రేడియేటరు బాగుచేయించి సిక్స్‌ను షెడ్డులో పెట్టాడు. ఆ తరవాత ఎవరు వచ్చి పిలిచినా ఊరేగింపుకు తియ్యలేదు.